స్ట్రాడ్ లోయకు అతకని నాలుగు పాత్రలు: సలహా కావాలి

మంచుకోట

అందరికీ నమస్కారం. డంజన్స్ అండ్ డ్రాగన్స్ (బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా ఆడే కథల ఆట) సాహసం కర్స్ ఆఫ్ స్ట్రాడ్‌ను మున్ముందు ఆడాలనుకుంటున్నవాళ్ళు ఇక్కడితో ఆగిపోండి. కింద కథలోని గుట్టు చాలా బయటపడుతుంది.

వచ్చే నెల నుంచి మా బృందానికి ఈ సాహసం నడపబోతున్నాను. ఇప్పటిదాకా మేము కలిసి పూర్తిచేసింది లాస్ట్ మైన్ ఆఫ్ ఫాండెల్వర్ ఒక్కటే. అందులో పాత్రలు ఎందుకు బయలుదేరాయన్న ప్రశ్నే రాలేదు. సరుకుల బండిని నెవర్‌వింటర్ నుంచి ఫాండలిన్‌కు చేరిస్తే కూలి ఇస్తానని ఒక డ్వార్ఫ్ చెప్పాడు, వీళ్ళు బండి కట్టారు, దారిలో గాబ్లిన్లు మీదపడ్డాయి, కథ దానంతటదే నడిచింది.

ఈసారి ఆటగాళ్ళు ఉత్సాహం పట్టలేక ముందే పాత్రలు రాసి పంపారు. ఒకరిది రోగ్ (దొంగ): తండ్రి పోగొట్టుకున్న ఓడలను తిరిగి కొని రేవులో ఇంటిపేరు నిలబెట్టాలి. రెండోది పాలడిన్ (ధర్మయోధుడు): గురువును చంపిన ఆర్క్ (రాక్షసజాతి) నాయకుడిని వెతుకుతున్నాడు. మూడోది డ్రూయిడ్ (ప్రకృతి మాంత్రికుడు): తగలబడిపోయిన తన అడవిని మళ్ళీ మొలిపించే ఉపాయం కావాలి. నాలుగోది బార్డ్ (పాటలు పాడే కళాకారిణి): ఊరూరా సత్రాల్లో అప్పులు పెట్టి, అందరినీ నవ్వించి, రాత్రికి రాత్రి ఉడాయించే రకం.

అన్నీ బాగున్నాయి. కానీ కథ జరిగే బరోవియా లోయలో రేవు లేదు, ఆ ఆర్క్ నాయకుడూ లేడు. చుట్టూ దాటలేని పొగమంచు. అది వాళ్ళను లోపలికి లాగుతుంది, సరే. లాగిన తర్వాత ఆ నలుగురికీ మిగిలే కోరిక ఒక్కటే: బయటపడటం. అక్కడి మనుషుల గోడు వాళ్ళకెందుకు పడుతుంది?

ఇంకో సంగతి. ఇది స్ట్రాడ్ అనే రక్తపిశాచి కథ అని మాత్రమే వాళ్ళకు తెలుసు. ఎంత చీకటి కథో చెప్పలేదు. చెబితే మజా పోతుందేమోనని. పాత్రలు మార్చమని అడగాలా, సాహసాన్నే మార్చాలా?

---

ఇరవైముఖాలపాచిక

ముందు చెప్పేయండి. మిగతావన్నీ తర్వాత.

---

పాతచెరసాల

నాకు ఈ తరం పద్ధతే అర్థం కాదు. ఇంకా ఒక్క పాచిక కూడా దొర్లలేదు, అప్పుడే మూడేసి పేజీల పూర్వకథ. మొదటి లెవెల్ పాత్ర మొదటి రాత్రే చస్తే ఆ ఓడలు ఎవరు కొంటారు?

1974లో గైగాక్స్, ఆర్నెసన్‌ల ఆట వచ్చినప్పుడు పాత్రకు ఉద్దేశం ఏమిటని ఎవరూ అడగలేదు. నేల కింద చెరసాల ఉంది, అందులో నిధి ఉంది, దిగాలి. అంతే. ఆడుతూ ఉంటే పాత్ర దానంతటదే తయారవుతుంది. పదో సెషన్ నాటికి వాడికి శత్రువులుంటారు, అప్పులుంటాయి, ఒక వేలు పోయి ఉంటుంది. అదే పూర్వకథ.

---

గంటస్తంభం

పాతచెరసాల గారూ, మీరు చెప్పిన కాలంలో ఉద్దేశం లేకపోవడం కాదు, అది నియమాల్లోనే ఉండేది. చెరసాల నుంచి పైకి తెచ్చిన ప్రతి బంగారు నాణేనికీ ఒక ఎక్స్‌పీ (పాత్ర లెవెల్ పెరగడానికి పోగయ్యే పాయింటు). దయ్యాన్ని చంపితే వచ్చేది దాని ముందు దిగదుడుపు. అందుకే దొంగ, మతగురువు, మాంత్రికుడు ఎవరైనా సరే అందరి చూపూ నిధి మీదే. ఆటగాడికి కావలసిందీ పాత్రకు కావలసిందీ ఒకే నాణెం. ఇంత తెలివైన ఏర్పాటు తర్వాత మళ్ళీ ఏ సాహసానికీ కుదరలేదంటాను. 1989 నాటి రెండో ఎడిషన్‌లో ఆ నియమాన్ని ఐచ్ఛికం చేశారు. 2000లో మూడో ఎడిషన్ వచ్చేసరికి ఎక్స్‌పీ అంతా పోరాటాల వైపు, గండాలు గట్టెక్కడం వైపు వెళ్ళిపోయింది. అప్పటినుంచి "మనం ఎందుకు దిగుతున్నాం" అన్న ప్రశ్నకు ఎవరి జవాబు వాళ్ళు వెతుక్కోవలసి వచ్చింది.

నేను ఎక్కువగా నడిపేది కాల్ ఆఫ్ కథుల్హు అనే భయం కథల ఆట. అక్కడ ఈ సమస్య పదింతలు. పుస్తకాల షాపు నడుపుకునే పెద్దాయన, అర్ధరాత్రి, వాసనొచ్చే నేలమాళిగలోకి ఎందుకు దిగాలి? బుద్ధున్నవాడు పోలీసులకు ఫోను చేస్తాడు.

ఆ ఆటకు 1984లో వచ్చిన సాహసం మాస్క్స్ ఆఫ్ న్యార్లథోటెప్ సంగతి తెలిసే ఉంటుంది. 1925 జనవరిలో న్యూయార్క్ హోటల్ గదిలో జాక్సన్ ఎలియాస్ అనే రచయిత హత్యతో మొదలవుతుంది. ఆ హంతకుల జాడ పట్టుకుని లండన్, కైరో, కెన్యా, షాంఘై, ఆస్ట్రేలియా తిరగాలి. ఇన్ని దేశాలు తిరగడానికి పాత్రలకున్న కారణం ఏమిటంటే, ఎలియాస్ వాళ్ళ స్నేహితుడు. కానీ ఆటగాళ్ళకు అతను ఎవరు? కాగితం మీద ఒక పేరు. "అతను మీకు ప్రాణస్నేహితుడు, ఏడవండి" అంటే ఎవరు ఏడుస్తారు? 2018 నాటి కొత్త ఎడిషన్‌లో దీన్ని సరిదిద్దారు. ముందు 1921లో పెరూలో ఒక చిన్న సాహసం. అందులో ఎలియాస్ పక్కనే ఉంటాడు, కలిసి తిరుగుతాడు. దాని తర్వాత న్యూయార్క్ హోటల్ తలుపు తెరిచినప్పుడు బల్ల దగ్గర నిశ్శబ్దం వేరుగా ఉంటుంది.

---

తెరచాప

నేను నడిపేవాణ్ణి కాదు, ఆడేవాణ్ణి. అటువైపు మాట కూడా వినండి.

వాటర్‌డీప్ డ్రాగన్ హైస్ట్ (హైస్ట్ అంటే దోపిడీ) అనే సాహసం ఆడుదామని ఒకరు పిలిచారు. 2018లో వచ్చిన పుస్తకం. పేరులోనే దోపిడీ ఉంది కదా, కన్నాలు వేయడంలో ఆరితేరిన పాత్రను తయారుచేసుకున్నాను. పథకం వేస్తాం, కాపలావాళ్ళ కళ్ళు కప్పుతాం, ఖజానా కొల్లగొడతాం అనుకున్నాను. తీరా చూస్తే అది దోపిడీ కథే కాదు. ఎవరో దాచిన 5,00,000 బంగారు నాణేలు ఊళ్ళో ఎక్కడున్నాయో పోటీవాళ్ళ కన్నా ముందు కనిపెట్టాలి. అసలు దొంగతనం ఎప్పుడో జరిగిపోయింది! మధ్యలో పాత సత్రమొకటి మాకు బహుమానంగా వచ్చింది. మా వాళ్ళు దాన్ని బాగుచేయించి, మెనూ రాసి, పక్కవీధి సత్రంతో తగువు పెట్టుకుని నిధి సంగతి మర్చేపోయారు. నా దొంగ మూల కూర్చుని గిన్నెలు తోమాడు.

సాహసం చెడ్డదనడం లేదు. "ఇది ఊళ్ళో వెతుకులాట కథ, చట్టం గట్టిగా ఉండే ఊరు, సత్రం ఒకటి చేతికొస్తుంది" అని ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన పాత్రనే తెచ్చేవాణ్ణి. చెప్పలేదు. అడిగితే "సర్‌ప్రైజ్" అన్నారు.

మంచుకోట గారూ, మీ రోగ్ ఆటగాడి జాతకం నాకు ఇప్పుడే కనిపిస్తోంది.

---

తోకచుక్క

డల్లాస్ నుంచి, మా ఆన్‌లైన్ బృందం తరఫున.

అందరూ చందమామ చదివే ఉంటారు. విక్రమార్కుడు అన్నిసార్లు చెట్టెక్కి శవాన్ని భుజాన వేసుకున్నాడంటే కారణం శవం మీద మోజు కాదు, భిక్షువుకు ఇచ్చిన మాట. ఆ ఒక్క మాట మీద మొత్తం బేతాళ కథలు నడిచాయి. మీ నలుగురికీ ఎవరికో ఒకరికి ఇచ్చిన మాట ఉంటే చాలు. పూర్వకథలు మార్చనక్కర్లేదు.

---

గంటస్తంభం

తోకచుక్క గారి ఉదాహరణ బాగుంది కానీ అందులో సగమే చెప్పారు. మాట నిలబెట్టుకోవడం రాజు కారణం. చదివే మనకు ఆ భిక్షువు ఎవరైతే ఏమిటి? మనం పేజీ తిప్పింది బేతాళుడు వేయబోయే చిక్కుప్రశ్న కోసం. రాజు కారణం వేరు, పాఠకుడి కారణం వేరు. రెండూ బలంగా ఉన్నాయి కాబట్టే అన్నేళ్ళు నడిచింది.

మంచుకోట గారి ప్రశ్నలో ఈ రెండూ కలిసిపోయాయి. "పాత్రలు ఎందుకు పట్టించుకోవాలి" ఒకటి. "ఆటగాళ్ళు వారం వారం ఎందుకు రావాలి" ఇంకొకటి. పాత్రకు ఎంత గొప్ప కారణం కట్టిపెట్టినా, ఆ ఆటగాడికి భయం కథలంటే గిట్టకపోతే వృథా. ఆటగాడికి ఇష్టమై పాత్రకు కారణం లేకపోతే మాత్రం ఫరవాలేదు, అతనే ఏదో ఒకటి అల్లుకుంటాడు.

---

పాతచెరసాల

చివరి వాక్యం నేను మొదట చెప్పిందే కదా.

---

గంటస్తంభం

కాదు. మీరు అడగనే వద్దన్నారు. నేను ఆటగాణ్ణి అడగమంటున్నాను.

---

అడవిదారి

నాకు ఇద్దరు చిన్నపిల్లలు. కర్స్ ఆఫ్ స్ట్రాడ్‌లో పాత గాలిమర దగ్గర మంత్రగత్తెలు అమ్మే తినుబండారాలు దేనితో చేస్తారో తెలుసు కదా. నేను ఆటగాళ్ళ వైపు కూర్చున్న రోజున ఆ ఘట్టం ఏ ముందుమాటా లేకుండా వచ్చి ఉంటే లేచి వెళ్ళిపోయేదాన్ని. మా డీఎం (ఆట నడిపేవారు) ముందే అడిగారు: ఏవి అసలు వద్దు, ఏవి తెర వెనక జరిగితే చాలు. పిల్లలకు జరిగేది తెర వెనకే ఉంచమన్నాను. ఆయన అలాగే ఉంచారు, ఆ గాలిమర ఘట్టం మా అందరికీ ఇప్పటికీ గుర్తుంది. మజా ఏమీ తగ్గలేదు.

సెషన్ జీరో (ఆట మొదలవకముందే అందరూ కూర్చుని మాట్లాడుకోవడం) అంటే ఇంతకుముందు ఏదో మొహమాటంగా ఉండేది. 2020లో టాషా పుస్తకంలో (అదనపు నియమాల పుస్తకం) దాని గురించి అధికారికంగానే రాశారు కాబట్టి ఇప్పుడు ఎవరూ వింతగా చూడరు. ఈ కథకు మాత్రం అది తప్పనిసరి.

---

మంచుకోట

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. సరే, ముందే చెప్పాలన్నదానికి ఒప్పుకున్నాను. ఆటగాళ్ళకు పంపడానికి ఇది రాశాను, చూడండి:

"ఇది భయం కథ. పొగమంచు కప్పిన ఒక లోయలోనే మొత్తం జరుగుతుంది, మధ్యలో ఇంటికి వెళ్ళిరావడం కుదరదు. శత్రువు ఎవరో మొదట్లోనే తెలుస్తుంది. విజయం సాధించి లోయ ప్రజలను విముక్తులను చేయడం మీ లక్ష్యం."

---

ఇరవైముఖాలపాచిక

చివరి వాక్యం తీసేయండి. లక్ష్యం మీరు చెబితే అది మీ లక్ష్యం అవుతుంది.

దాని బదులు రెండు ముక్కలు కలపండి. ఒకటి: "శత్రువు మీకన్నా చాలా బలవంతుడు, అతనే మీ దగ్గరికి వస్తాడు, మొదటిసారి ఎదురుపడినప్పుడు మీరు గెలవలేరు." ఫాండెల్వర్ ఆడివచ్చినవాళ్ళు ఎదురైన ప్రతివాణ్ణీ కొట్టేయవచ్చనుకుంటారు. స్ట్రాడ్ మర్యాదగా పలకరించడానికి వస్తే కత్తి దూస్తారు, అతను ఊరుకోడు, నెలల తరబడి సాగాల్సిన మీ కథ ఆ సాయంత్రమే ముగుస్తుంది. పాత్రల తప్పు కాదది, ఎలాంటి ఆటలో ఉన్నారో తెలియకపోవడం.

రెండోది: "పరాయివాళ్ళ కష్టం చూస్తే కాలు ముందుకు పడని పాత్ర ఈ కథలో ఇమడదు." దయామయుడే కానక్కర్లేదు. కూలి అడిగేవాడైనా సరే, అడిగి పని చేయాలి.

---

గంటస్తంభం

దీనికి తోడు, మంచు ఒక్కటే చాలదని మంచుకోట గారికి అనిపించడం న్యాయమే. ఈ కథ మూలరూపం 1983లో ట్రేసీ, లారా హిక్‌మన్‌లు రాసిన రావెన్‌లాఫ్ట్. అందులో ఒక ఊరు, ఒక గుడారం, ఒక కోట, అంతే. అంత చిన్న కథకు "బయటపడాలి" అన్న కారణం సరిగ్గా సరిపోతుంది. 2016 నాటి పుస్తకం దాన్ని పదో లెవెల్ దాకా సాగే లోయంతటి కథ చేసింది. అంత కాలం ఎవరైనా తలుపు తాళం మీదే మనసు పెట్టుకుని ఉండలేరు. మధ్యలో ఎవరో ఒకరి మీద ప్రేమో పగో పుట్టాలి.

---

మంచుకోట

అదే నా భయం. మరి నలుగురికీ ఏమేం కట్టను? పుస్తకం మొత్తం ఒకసారి చదివాను కానీ ఎవరికి ఏది అతుకుతుందో తేలడం లేదు.

---

ఇరవైముఖాలపాచిక

కొంచెం పొడుగు జవాబు ఇది.

డ్రూయిడ్ అన్నిటికన్నా తేలిక. బరోవియాలో ద్రాక్షతోట ఒకటుంది, లోయకంతటికీ వైన్ అక్కడిదే. ఆ నేలకు సారం ఇచ్చిన మూడు మాయారత్నాలు పోయాయి. ఒకటి యెస్టర్ హిల్ వైపు, ఒకటి బెరెజ్ శిథిలాల్లో. యెస్టర్ హిల్ మీద ఉన్నవాళ్ళు కూడా డ్రూయిడ్‌లే, కానీ స్ట్రాడ్‌ను కొలిచేవాళ్ళు. కాలిన అడవిని మొలిపించాలనుకునేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? నేలకు ప్రాణం పోసే రత్నాలూ కనిపిస్తాయి, తనలాంటివాళ్ళు ఎలా భ్రష్టు పట్టారో కూడా కనిపిస్తుంది. రత్నం దొరికాక తోటవాళ్ళకు తిరిగి ఇస్తాడా, తన అడవికి పట్టుకెళ్తాడా? ఆ ప్రశ్న మీరు అడగనక్కర్లేదు, బల్ల దగ్గర మిగతా ముగ్గురూ అడుగుతారు.

పాలడిన్‌కు ఆర్గిన్‌వోస్ట్‌హోల్ట్ అనే శిథిల భవనం. వెండి డ్రాగన్ పేరు మీద వెలిసిన యోధుల సంఘం, స్ట్రాడ్ చేతిలో నాశనమై, చచ్చి కూడా పగతో తిరుగుతోంది. పగ పట్టినవాడు వందల ఏళ్ళ తర్వాత ఏమవుతాడో వాళ్ళ నాయకుణ్ణి చూస్తే తెలుస్తుంది. పగకోసం బతికే పాత్రకు అద్దం అది.

రోగ్‌కు డబ్బు పిచ్చి కదా, మొదటి ఊళ్ళోనే బిల్‌డ్రాత్ దుకాణం ఉంది. సరుకు ధర పుస్తకంలో ఉన్నదానికి పదింతలు. నాణేల మీద స్ట్రాడ్ బొమ్మ. వర్తకుడి కొడుక్కి ఒళ్ళు మండాలి. మూసుకుపోయిన లోయ అంటే అతని లెక్కలో మూసుకుపోయిన సంత. తర్వాత ఎప్పుడో ఆంబర్ టెంపుల్‌లో, పోయినదంతా తిరిగి ఇస్తామనే చీకటి శక్తులు ఎదురవుతాయి. అప్పటిదాకా ఓడల కోరికను చావనివ్వకండి, అక్కడే పనికొస్తుంది.

బార్డ్ నాకు ఇష్టమైన పాత్ర. వల్లాకి అనే ఊళ్ళో ప్రజలు సంతోషంగా ఉండాలని బారన్ ఆజ్ఞ. వారం వారం పండుగలు. ముఖం మాడ్చుకుంటే నేరం. పట్టుకుని బొండలో బిగించి తలకు గాడిద బొమ్మ తగిలిస్తారు. నవ్వించడమే వృత్తిగా బతికేవాణ్ణి నవ్వు బలవంతమైన ఊళ్ళోకి తోసి చూడండి.

---

తెరచాప

బార్డ్ సంగతి అద్భుతం. ఆడేవాడిగా చెబుతున్నాను, ఇలాంటి చోటు నాకోసం ఉందని తెలిస్తే ఒక్క వారం మానను.

---

పాతచెరసాల

బాగానే ఉంది కానీ నలుగురికీ నాలుగు దుస్తులు కొలతలు తీసి కుట్టినట్టుంది. అడుగు వేసిన ప్రతిచోటా నా పూర్వకథే ఎదురైతే ఇక ఆ లోయ లోయలా ఉండదు. కొన్ని చోట్లు ఎవరికీ సంబంధం లేకుండా ఉండాలి. దారి తప్పి వెళ్ళి చావు తప్పించుకొచ్చినవే పదేళ్ళ తర్వాత కూడా చెప్పుకుంటాం.

---

ఇరవైముఖాలపాచిక

ఇందులో నేను కొత్తగా కుట్టింది ఏదీ లేదు. అన్నీ పుస్తకంలో ఉన్నవే. ఎవరిని ఏ తలుపు ముందు ముందుగా నిలబెట్టాలో మాత్రమే చెప్పాను. అయినా మీ మాటలో నిజం ఉంది, సగం చోట్లు వదిలేయండి మంచుకోట గారూ.

---

తోకచుక్క

పాలడిన్ గురువును చంపింది ఆర్క్ నాయకుడు కాదు, స్ట్రాడే అని చివర్లో తెలిసేలా చేస్తే? ఆటగాడు కుర్చీలోంచి లేస్తాడు!

---

గంటస్తంభం

దయచేసి వద్దు. రెండు కారణాలు. ఒకటి, స్ట్రాడ్ బరోవియా దాటి బయటికి రాలేడు. అతని శాపమే అది. కథకు వెన్నెముక అనదగ్గ సంగతిని ఒక మలుపు కోసం విరగ్గొట్టకూడదు. రెండోది ఇంకా ముఖ్యం: పూర్వకథ ఆటగాడిది. అతనికి చెప్పకుండా అందులోని హంతకుణ్ణి మార్చడమంటే అతని ఉత్తరం విప్పి చదివి తిరిగి అంటించడమే.

మార్చాలనుకుంటే అతన్నే అడగండి. పుస్తకం ఇచ్చిన ప్రవేశాల్లో ఒకటి మంచులోంచి వచ్చే తోడేలు మనుషులది. వాళ్ళు లోయ బయటికి వచ్చి పిల్లలను ఎత్తుకుపోతారు. "మీ గురువును చంపింది ఆర్క్ కాకుండా తోడేలు మనిషి అయితే మీకు అభ్యంతరమా" అని ఒక మాట. ఒప్పుకుంటే పాలడిన్ తన కాళ్ళతో మంచులోకి నడుస్తాడు, ఎవరూ లాగనక్కర్లేదు. ఒప్పుకోకపోతే ఆర్క్‌నే ఉంచండి, పగ తీరని మనిషిగా ఆడతాడు.

---

అడవిదారి

అందరూ పాత్రకూ కథకూ ముడి వేస్తున్నారు. పాత్రకూ పాత్రకూ ముడి ఎవరూ అనలేదు. 2014 నాటి ఐదో ఎడిషన్‌లో పాత్ర వివరాలు రాసే షీటులో బంధం అని ఒక గడి ఉంటుంది కదా, అందులో పక్కవాడి పేరు రాయించండి. డ్రూయిడ్ అడవి కాలినప్పుడు రోగ్ తండ్రి ఓడ అతన్ని దాటించింది. బార్డ్ అప్పు ఒకసారి పాలడిన్ తీర్చాడు. మా ఆటలో నా పాత్రకు బరోవియా మీద ఏ మమకారమూ లేదు, చివరిదాకా పుట్టలేదు. నా పక్కన ఉన్న మతగురువు ఆ ఊరి పిల్లను వదిలిరానంది కాబట్టి నేనూ ఆగాను.

---

పాతచెరసాల

ఇది నాకు నచ్చింది. పేజీలు అక్కర్లేదు, ఒక వాక్యం చాలు.

---

మంచుకోట

ఆదివారం నలుగురినీ కూర్చోబెట్టాను. జరిగింది చెబుతాను.

డ్రూయిడ్, రోగ్ ఇద్దరూ చీకటి కథ అనగానే ఎగిరి గంతేశారు. రోగ్ ఆటగాడు తనంతట తానే, తండ్రి చివరి ఓడ సరుకు సంచారజాతి బండ్లతో మంచులోకి వెళ్ళి తిరిగిరాలేదని కలిపాడు. నేను ఏమీ అనలేదు! పాలడిన్ తోడేలు మనిషికి ఒప్పుకోలేదు, ఆర్కే కావాలన్నాడు. సరేనన్నాను.

చిక్కంతా బార్డ్‌తో. ఆమెకు భయం కథలంటే ఇష్టం లేదట. వారమంతా ఆఫీసు పని, శనివారం రాత్రి నవ్వుకోవడానికి వస్తున్నానని సూటిగా చెప్పింది. వల్లాకి సంగతి పేర్లు లేకుండా ఊహాగానంగా చెబితే "బాగుంది, కానీ అది ఒక ఊరు, మిగతా లోయ?" అంది. నాకు జవాబు దొరకలేదు.

---

తెరచాప

ఆమె మీకు మేలు చేసింది. నేను ఆ మాట అనలేక ఆర్నెల్లు గిన్నెలు తోమాను.

---

ఇరవైముఖాలపాచిక

వేరే సాహసం ఎంచుకోండి. నలుగురిలో ఒకరంటే నాలుగో వంతు బల్ల.

---

గంటస్తంభం

అంత తొందర వద్దు. నా అనుభవంలో భయం కథ బల్ల దగ్గర నవ్వులు ఎక్కువే ఉంటాయి, గుండె బరువు దింపుకోవడానికి. ఆమె నవ్వు వద్దనడం లేదు కదా, ఎడతెగని దిగులు వద్దంటోంది. ఎంత మోతాదు పట్టగలదో అడగండి. అయితే ఒక షరతు: ఆమె జోకు వేసిన ప్రతిసారీ "వాతావరణం చెడగొట్టకు" అని ముఖం పెట్టేట్టయితే మీరు ఆమెను పిలవకండి.

---

అడవిదారి

మోతాదు తెలియాలంటే చిన్న రుచి చూపించండి. పుస్తకంలో మొదట ఆడించే చిన్న సాహసం డెత్ హౌస్ విడిగా ఉంది కదా. ఒకటి రెండు సాయంత్రాల్లో అయిపోతుంది. నచ్చకపోతే అక్కడితో ఆపి, మిగతా ముగ్గురితో మీరు లోయలోకి, ఆమె ఉన్న రోజుల్లో అందరూ ఇంకేదైనా. ఆ ఇంట్లో కూడా పిల్లల ప్రస్తావన ఉంది, అది ముందే అడిగి ఉంచుకోండి.

---

మంచుకోట

డెత్ హౌస్ ఆలోచన ఆమెకు నచ్చింది. "రెండు సాయంత్రాలైతే భయపడతాను" అంది.

అయితే మొదటి దృశ్యమే నాకు అనుమానంగా ఉంది. వీధిలో ఇద్దరు పిల్లలు నిలబడి మా ఇంట్లో రాక్షసుడు ఉన్నాడు, లోపల తమ్ముడు ఉన్నాడు అంటారు. వెళ్ళకపోతే మంచు కమ్ముకొచ్చి ఇంట్లోకి తోస్తుంది. అంటే కాదనే వీలే లేదు. ఇక్కడ చర్చించినదంతా విన్నాక ఆ మంచు నాకు మోసంలా కనిపిస్తోంది.

---

గంటస్తంభం

మంచును ఆఖరి అస్త్రంగా అట్టేపెట్టండి. సెషన్ మొదలవకముందే ప్రతి ఒక్కరినీ ఒక్క వాక్యం అడగండి: "మీ పాత్ర ఆ గడప ఎందుకు దాటుతుంది?" ఆటగాడే చెబుతాడు, మీరు రాసుకోండి. ట్రెయిల్ ఆఫ్ కథుల్హు అనే ఇంకో భయం కథల ఆటలో దీనికి డ్రైవ్ అని పేరు పెట్టి 2008లోనే నియమం చేశారు. పాత్ర తన డ్రైవ్‌ను కాదంటే మనోస్థైర్యం తగ్గుతుంది. మీకు శిక్ష అక్కర్లేదు, వాక్యం చాలు.

---

మంచుకోట

అడిగాను. గ్రూపులో వచ్చిన జవాబులు ఇవి:

డ్రూయిడ్: "నా అడవి తగలబడిన రోజు ఎవరూ లోపలికి రాలేదు."

పాలడిన్: "రాక్షసుడు ఆర్క్ అయి ఉండవచ్చు." (ఇతను మారడు.)

రోగ్: "ఇల్లు నాలుగంతస్తులుంది. ఆ పిల్లల నాన్న కూలి ఇవ్వగలడు."

బార్డ్: "పాలడిన్ నా అప్పు తీర్చాడు, వాడు చస్తే మళ్ళీ ఎవరు తీరుస్తారు."

---

తెరచాప

నాలుగో సీటు ఖాళీ అయితే చెప్పమని అడుగుదామనుకున్నాను. అవదులెండి.

---

పాతచెరసాల

వీళ్ళను ఎవరూ తోయనక్కర్లేదు, పరుగెత్తుకుంటూ వెళ్తారు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: ఆ ఇల్లు మొదటి లెవెల్ వాళ్ళను నిజంగానే చంపుతుంది, ముఖ్యంగా నేలమాళిగ చివర్లో. అప్పు తీర్చేవాడు పోతే బార్డ్ ఏం చేస్తుందో చూడాలని మీకు ఉంటే ఉండనివ్వండి, లేదంటే రెండో లెవెల్‌లో మొదలుపెట్టండి. పారిపోవడం కూడా గెలుపే అని మాత్రం శనివారం ఆట మొదలయ్యేముందు అందరికీ చెప్పండి. ఫాండెల్వర్ వాళ్ళకు ఆ అలవాటు ఉండదు.